ఆటసేనలలో దుర్బల దళములు: వానిని బలపఱచు మార్గములు

మా వసతిగృహపు వసారాలో పఱచిన నాపరాళ్లలో నొకదానిపై పులిమేకల పటము చెక్కబడి యున్నది. గత సంవత్సరము వేసవి సెలవులకు ముందొక సాయంకాలమున, ప్రార్థనగంట కొట్టుటకు కొంత వ్యవధి యుండగా, ఇద్దరు బాలురు ఆ పటముకడ గూర్చుండి యాడుచుండిరి. మేము ప్రక్కను నిలిచి చూచుచుంటిమి. పెద్దవాడు 3 గులకరాళ్లను పులులుగా గైకొనెను. చిన్నవాడు 15 చింతపిక్కలను మేకలుగా నొక్కొక్కటే పెట్టుచుండెను. పిక్కలన్నియు పటముపైకి రాకమునుపే వానిలో సగము పులులపాలయ్యెను. అంతట చిన్నవాడు మిగిలిన పిక్కలను చేతితో నూడ్చివేసి, మావైపు తిరిగి, “మాష్టారూ, ఎప్పుడూ నాకు మేకలే ఇస్తాడండీ. మేకలతో ఎవరైనా గెలుస్తారాండీ?” అని యడిగెను.

మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఆ ప్రశ్న ఆ యాటకు మాత్రమే చెందినది కాదు. ఏ సేనయందైనను, అది బల్లపై నిలుపు బొమ్మలసేన యైనను సరే, కొన్ని దళములు బలముగలవియు కొన్ని దుర్బలములునై యుండును. బలమైన దళమును నడపుటకు సామాన్యుడును చాలును. దుర్బల దళమును పనికి దెచ్చుటయే సేనానికి తగిన విద్య. ఆ విద్య యెట్టిదో మన పులిమేకలాటను, చదరంగమును, పశ్చిమదేశములలోని బొమ్మల యుద్ధక్రీడను దృష్టాంతములుగా గొని మా విద్యార్థులకు వివరింప బూనుచున్నాము.

1. దుర్బలత యన నేమి?

ఒక దళము దుర్బలమని యనునప్పుడు మనము మూడు వేర్వేఱు సంగతులను కలిపి చెప్పుచుందుము. మొదటిది: ఆటనిబంధన దాని కిచ్చిన శక్తియే తక్కువ కావచ్చును. రెండవది: శక్తి యున్నను అది నిలిచిన చోటు మంచిది కాకపోవచ్చును. మూడవది: శక్తియు చోటును ఉన్నను దానికి తోడు లేకపోవచ్చును. రోగమేదో నిర్ణయింపక వైద్యుడు మందీయడు గదా. అట్లే ఈ మూడింటిలో నేది కారణమో మొదట కనుగొనవలెను. చోటు చెడినదానికి శక్తిని పెంచినను ఫలము స్వల్పము. తోడు లేనిదానిని మంచిచోట నిలిపినను అది నిలువజాలదు. పెక్కురు ఈ విచారణ చేయకయే “ఇది పనికిరాదు” అని తీర్పు చెప్పుదురు. అట్టి తీర్పులలో సగము తప్పుడు తీర్పులు.

2. తోడువలన గలుగు బలము

మొదట పులిమేకలాటను చూతము. దీనిని పులిజూదమనియు నందురు. తమిళదేశమున ఇదియే ఆడుపులియాట్టమను పేర ప్రసిద్ధము. దేవాలయముల మండపములలోను, ఊళ్ల రచ్చబండలమీదను ఈ పటము చెక్కియుండుట మన ప్రాంతమున వింత కాదు. పటము లేనిచోట సుద్దతోగాని బొగ్గుతోగాని గీయుదురు.

ఒక త్రికోణమును గీయవలెను. శిఖరమునుండి 4 గీతలు దిగి అడుగుగీతను తాకును. ఆ నాలుగింటిని 3 అడ్డగీతలు ఖండించును. అడ్డగీతలు త్రికోణమునకు రెండుప్రక్కల వెలుపలికి సాగి, అచ్చటి నిలువుగీతలతో ముగియును. గీతలు కలియు చోట్లను లెక్కించినచో శిఖరమున 1, అడ్డగీతలమీద ఆఱేసి చొప్పున 18, అడుగున 4, వెరసి 23. పులులు 3, మేకలు 15. ఒక్క మేకయు చావక అన్నియు పటముపైకి వచ్చినయెడల మిగులు ఖాళీచోట్లు 5 మాత్రమే. ఈ చిన్న లెక్కను విద్యార్థులు మనస్సున నుంచుకొనవలెను.

మేకలవాడు ఒక్కొక్క మేకను పెట్టుచు పోవును. అన్నియు పెట్టువఱకు పెట్టినదానిని కదల్పరాదు. పులి తన ప్రక్కనున్న మేకను దాటి, అదే గీతమీద దాని కావలిచోటు ఖాళీగా నున్నయెడల అందు దుమికి దానిని చంపును. మేక దేనిని చంపజాలదు. పులులు కదలలేకుండ చుట్టుముట్టిన మేకలవాడు గెలుచును. ఎన్ని మేకలు చచ్చిన పులులవాడు గెలిచినట్లో ఊరూరికి నొక కట్టుబాటు గలదు.

శక్తిని మాత్రమే చూచినయెడల మేక విలువ సున్న. అయినను పులి దుముకుటకు రెండు కావలెను: ముందర మేక, దానివెనుక ఖాళీ. ఈ రెండింటిలో రెండవది మేకలవాని చేతిలో నున్నది. ఒక మేకవెనుక అదే గీతపై మఱియొక మేక నిలిచినచో, పులి ఆ దిక్కునుండి ముందరిదానిని ముట్టజాలదు. వేర్వేఱుగా నిలిచిన రెండుమేకలు రెండును చచ్చును. ఒకదానివెనుక నొకటి నిలిచినవి బ్రదుకును. నిబంధన మాఱలేదు, మేక శక్తి పెరుగలేదు, తోడు మాత్రము కలిగినది.

మఱియు గీతల కొనలయందున్న మేకకు ఆవల చోటే లేదు గనుక దానిని దాటుట కలలోని వార్త. అడుగుగీత కొనలు 2, ప్రక్క నిలువుగీతల కొనలు 4, కలిసి 6 చోట్లు ఇట్టివి. ఆటయెఱిగినవాడు తన మొదటి మేకలను ఇచ్చట పెట్టి, వాని నానుకొనునట్లు తక్కినవానిని లోపలికి పెంచుకొనుచు వచ్చును. ఎఱుగనివాడు పులిని వెంటనే అడ్డగింపవలెనను తొందరతో నడిబొడ్డున నొంటి మేకను పెట్టి పోగొట్టుకొనును. మా చిన్నవాడు చేసిన తప్పిదియే. వాని మేకలు దుర్బలములు కావు, అవి ఒంటరివి.

3. శక్తిని పెంచుట

తోడుచేత తీఱని దుర్బలత గూడ గలదు. అప్పుడు నిబంధననే మార్పవలసివచ్చును. దీనికి చదరంగముకంటె గొప్ప దృష్టాంతము లేదు. రథ గజ తురగ పదాతులను నాలుగంగములనుబట్టి చతురంగమని పేరువడిన ఈ యాట, సుమారు క్రీ.శ. 6, 7 శతాబ్దులనాటికి మనదేశమున వెలసి, పారసీకులద్వారా అరబ్బులకును, వారిద్వారా ఐరోపాఖండమునకును చేరెను.

ఆ పూర్వపుటాటలో రాజుప్రక్కనుండు మంత్రి మూలగా నొక్కగడి మాత్రమే కదలుచుండెను. నేడు మనము శకటని పిలుచుదానికి మూలమైన దళము అరబ్బుల పద్ధతిలో మూలగా రెండవగడికి దుముకుచుండెను. 64 గడులలో అట్టి మంత్రి చేరదగినవి 32. ఆ దుముకుదళము ఎంతకాలము తిరిగినను చేరదగినవి 8 మాత్రమే. సేన నడుమ నిలిచిన రెండు ముఖ్య దళములు ఇట్లుండుటచేత ఆట మిక్కిలి మందముగ సాగుచుండెను.

15వ శతాబ్ది చివర స్పెయిను, ఇటలీ ప్రాంతములలో ఈ నిబంధన మాఱెను. మంత్రి ఎనిమిది దిక్కులను ఎంతదూరమైనను పోవచ్చుననియు, శకటు మూలగా ఎంతదూరమైనను పోవచ్చుననియు నేర్పఱచిరి. 1497వ సంవత్సరమున సలమంకా నగరమున లూసెనా యను నతడు ప్రకటించిన గ్రంథమునందు పాతపద్ధతియు క్రొత్తపద్ధతియు రెండును కానవచ్చుచున్నవి. ఇట్లు మిక్కిలి దుర్బలమైన మంత్రి మిక్కిలి బలవంతుడయ్యెను.

ఇందొక సూక్ష్మమును గమనింపవలెను. ఎదుటికొనకు చేరిన బంటు మంత్రి యగుట పూర్వమునుండి యున్నదే. కాని నాటి మంత్రి దుర్బలుడు గనుక ఆ పదవికి గొప్ప విలువ లేదు. మంత్రికి బలము రాగానే బంటునకును విలువ వచ్చెను. బంటు నడకను ఎవరును ముట్టలేదు; అది చేరదగిన గమ్యము గొప్పదయ్యెను, అంతే. మనము పాఠశాలలో బాలురకు చేయగల మేలులలో నిదియు నొకటి యని మా యభిప్రాయము.

మఱియొక సంగతి. ఐరోపావారు బంటునకు మొదటి యెత్తున రెండుగడులు నడచు హక్కునిచ్చిరి. ఆట వేగిరపడెను. కాని ఆ హక్కుచేత బంటు ఎదుటి బంటునకు చిక్కక దాటిపోవు దోషము కలిగెను. దానిని సవరించుటకు, అట్లు దాటిపోయిన బంటును మఱుసటి యెత్తునందే పట్టుకొను హక్కును ఎదుటిబంటున కిచ్చిరి. ఒకరి కిచ్చిన వరము మఱియొకరికి శాపము కాకుండ చూచుకొనుట నిబంధన చేయువారి ధర్మము.

4. చోటువలన గలుగు బలము

ఇప్పటి చదరంగమునందు నిబంధనలు స్థిరపడినవి. కావున ఆటగాడు తన దుర్బల దళమును చోటుచేతనే బాగుచేసికొనవలెను. ఖాళీ పలకమీద లెక్కించి చూడుడు. గుఱ్ఱమును మూలగడిలో నుంచిన దానికి పోదగిన గడులు 2. నడుమ నుంచిన 8. శకటునకు మూలను 7, నడుమ 13. ఏనుగునకు ఎచ్చటనుంచినను 14. కాబట్టి చోటు మార్చుటవలన అన్నిటికంటె అధికముగ లాభపడునది గుఱ్ఱము. అంచున నిలిచిన గుఱ్ఱమును చూచి “ఈ గుఱ్ఱము చేతగానిది” అనువాడు దానిని అచ్చట నిలిపినది తానే యని మఱచుచున్నాడు.

ఖాళీపలకమీద 14 గడులేలు ఏనుగు ఆట మొదట ఒక్క గడియైనను కదలలేదు. ముందర తన బంటే, ప్రక్కను తన గుఱ్ఱమే. దానిని బంధించినది శత్రువు కాదు, స్వజనము. బంట్లు తొలగిన నిలువువరుస కొకదానికి దానిని చేర్చినయెడల దాని బలము బయటపడును. రెండేనుగులను ఒకే వరుసలో ఒకదానివెనుక నొకటి నిలిపిన, ఒకటి చేయలేని పని రెండును కలిసి చేయును.

శకటు సంగతి మఱింత బోధకరము. తెల్లగడులలో తిరుగు శకటు గలవాడు తన బంట్లనన్నిటిని తెల్లగడులలోనే పాతివైచినయెడల ఆ శకటు ఇంటిలోనే చెఱపడును. దీనికి ఉపాయములు మూడు. బంట్లను నల్లగడులకు జరుపుట మొదటిది. బంట్లకోట వెలుపలికి శకటును ముందుగానే దాటించుట రెండవది. ఈ రెండును కానిచో ఎదుటివాని మంచిదళమునకు దానిని మారకము వేయుట మూడవది. మొదటి రెండు బాగుచేయుట, మూడవది వదలుకొనుట. పెక్కురు మూడవదానితో మొదలిడుదురు.

బంట్లవిషయమున ఫ్రాన్సుదేశీయుడైన ఫిలిడోరు 1749వ సంవత్సరమున తన గ్రంథమునందు, ఆట యంతయు వానిమీదనే యాధారపడి యున్నదని బోధించెను. ఇతడు సంగీతనాటకములు రచించిన విద్వాంసుడు. పెద్ద దళములను మాత్రమే లెక్కించు ఆ కాలమున ఈ మాట క్రొత్తది. మన గుంటూరున 1986లో జన్మించిన పెంటేల హరికృష్ణగారును, గుడివాడలో 1987లో జన్మించి 2002లో పదునైదవయేట గ్రాండుమాస్టరైన కోనేరు హంపిగారును మన జిల్లాల పేరు లోకమునకు తెలిపిరి. అట్టివారి యాటలను వ్రాసికొని చూచు విద్యార్థి, తాను లెక్కచేయని యొక బంటు ముప్పది యెత్తుల పిమ్మట ఆటను గెలిపించుట చూచి ఆశ్చర్యపడును.

5. బొమ్మల యుద్ధము

మూడవ దృష్టాంతము బొమ్మల యుద్ధక్రీడ. 1824వ సంవత్సరమున ప్రష్యాదేశపు సైన్యోద్యోగియగు రైస్విట్సు పటములమీద దళములను నడపి యుద్ధము నభ్యసించు క్రీడను సైన్యమునకు నేర్పెను. దానిని బాలురకును గృహములకును తగునట్లు చేసినవారిలో ముఖ్యుడు ఆంగ్ల గ్రంథకర్తయగు హెచ్. జి. వెల్సు. ఇతని “లిటిల్ వార్సు” అను గ్రంథము 1913లో వెలువడెను. సీసపు సిపాయిబొమ్మలును, చిన్న కొయ్యగుండ్లను విసరు బొమ్మ ఫిరంగులును ఇందలి సామగ్రి.

ఫిరంగి యుండగా కాలిబంటు దేనికి? ఒక్క గుండుతో నలుగురైదుగురు సిపాయిలు కూలుదురు. అందుమీద కాలిబంటు ఒక యెత్తునకు ఒక అడుగు నడచునేగాని రౌతు రెండడుగులు నడచును. ఇట్లు రెండువిధముల దుర్బలుడైన కాలిబంటునకు వెల్సు నిబంధన యొకటి గౌరవము నిచ్చుచున్నది. ఫిరంగికి 6 అంగుళములలోపల తనపక్షపువారు 4గురైనను లేనియెడల అది పేలరాదు. ఈ యొక్కమాటతో నిలిచియుండుటయే కాలిబంటునకు పనియయ్యెను. ఫిరంగి గొప్పదే, కాని చిన్నవారు నలుగురు లేనిది అది మూగది.

నేటి బొమ్మల యుద్ధక్రీడలలో ప్రతిదళమునకు నొక వెల నిర్ణయించి, ఇరుపక్షములవారును సమానమైన మొత్తమునకు సేనలను కూర్చుకొందురు. ఇందు దుర్బల దళమును సవరించుటకు మూడు దారులున్నవి: వెల తగ్గించుట, శక్తి పెంచుట, మఱియొక దళమునకు తోడ్పడు పని నొసగుట. వెల తగ్గించుట సులభము; కాని చవుకయైన దుర్బలులు గుంపులుగా వచ్చి పలకను నింపుదురు. శక్తి పెంచుట ప్రియము; కాని కొలత మీఱినచో నిన్నటి దుర్బలుడు నేటి నిరంకుశుడగును. తోడ్పడు పని నొసగుట కష్టము. కాని సామాన్యముగ నిదియే నిలుచును.

తమ యాటలలో ఇట్టి సవరణలు చేయగోరు విద్యార్థులకు కొన్ని సూచనలు. ఒకసారి ఒక్క మార్పునే చేయవలెను. రెండుచేసిన ఫలము దేనివలన కలిగెనో తెలియదు. ఇరుపక్షములవారును ఆటకుముందే ఒప్పుకొనవలెను. ఓడిపోవుచు నడుమ మార్చునది సవరణ గాదు, మోసము. పక్షములు మార్చుకొని పదియాటలైనను ఆడి, గెలుపోటములను కాగితముపై వ్రాసి చూడవలెను. ఒక్కయాటలోని గెలుపు సాక్ష్యము గాదు.

6. మన సీమ చెప్పు మాట

పలనాటిలో నుండి సేనలను గూర్చి వ్రాయుచు కారెంపూడిని తలపకుండుట తగదు. 12వ శతాబ్దిలో జరిగిన పలనాటి యుద్ధమును ద్విపదకావ్యమును, వీరవిద్యావంతులు పాడు కథయును మనకు తెలుపుచున్నవి. బ్రహ్మనాయుడు చాపకూటిచేత అన్ని కులములవారిని ఒక్కచోట భుజింపజేసెననియు, మాలకులమున బుట్టిన కన్నమదాసును తన సేనలో ముఖ్యవీరునిగ నిలిపెననియు ఆ కథ చెప్పును. కన్నమదాసునకు శౌర్యము బ్రహ్మనాయుడిచ్చినది కాదు. అది వానియందు ముందే యుండెను. లోకము వానికి నిలువ చోటీయలేదు, బ్రహ్మనాయుడు చోటిచ్చెను. ఏటేట కార్తికమాసాంతమున కారెంపూడిలో జరుగు వీరుల ఉత్సవమునకు పోవు విద్యార్థులు కత్తులతోబాటు ఈ సంగతినిగూడ చూడవలెను. ఆ యుద్ధము ఇరుపక్షములకును నాశనముతో ముగిసెను. చాపకూడు మాత్రము మనకు మిగిలెను.

వేదమునందును ఇట్టి పాఠము గలదు. సౌలు తన కవచమును దావీదునకు తొడిగించెను. ఆ బాలుడు దానితో నడువలేకపోయెను. అపు డతడు దుర్బలుడుగ గానబడెను. కవచమును విడిచి వడిసెలను, ఏటిలోని 5 రాళ్లను చేకొనగానే బలవంతుడయ్యెను. పౌలు అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పండ్రెండవ అధ్యాయమునందు శరీరావయవములను గూర్చి చెప్పినదియు ఈ యర్థమునే బలపఱచుచున్నది.

7. ఒక యొప్పుకోలు

ఈ వ్యాసమును ముగించుటకుముందు మా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. చాలయేండ్ల క్రిందట మేము వేఱొక పాఠశాలలో పనిచేయుచుండగా ఒక బాలుడు ప్రతిదినము ఆఱుమైళ్లు నడచి వచ్చుచుండెను. మొదటిగంట లెక్కలది. వాడు ఆ గంటలో తూగుచుండెను. పలకమీద లెక్క వేయుమన్న తడబడుచుండెను. మేము విచారింపక వాడు మందుడని నిశ్చయించి వెనుకబల్లకు పంపి, ప్రశ్నలడుగుట మానితిమి. మఱుసటియేడు వాడు బడికి రాలేదు. మేమును వెదకలేదు.

కొన్నియేండ్లకు నాపరాళ్లు కొనుటకై మాచర్లవైపు పోయినప్పుడు ఒక రాళ్లగనికడ వానిని చూచితిమి. బండిమీద వేర్వేఱు కొలతల రాళ్లు పేర్చుచుండగా, వాడు కాగితము లేకయే చదరపు అడుగుల మొత్తమును నోటితో చెప్పుచుండెను. మేము వ్రాసి సరిచూచితిమి. ఒక్క అడుగైనను తప్పులేదు. వాడు మమ్ము గుర్తించి నమస్కరించి, రాళ్లు మంచివి ఏఱి యిచ్చెను. బడిమాట ఎత్తలేదు. ఆ మౌనము మాకు నేటికిని వినబడుచున్నది. ఆ బాలునియందు శక్తి కొఱత లేదు. నిద్రచాలని మొదటిగంటయు, వెనుకబల్లయు వాని చోటు, తోడెవరును లేరు. మేము దీనిని దుర్బలతయని వ్రాసికొంటిమి.

కావున, ప్రియవిద్యార్థులారా, మీ సేనలో నొక దళము పనికిరానిదిగ దోచినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: దీని శక్తి యెంత? ఇది నిలిచిన చోటెట్టిది? దీనికి తోడెవరు? మూడింటికిని సమాధానము దొరకకముందు దానిని పెట్టెలో వేయకుడు. మీ తరగతిలో వెనుకబడినవాడు కనబడినప్పుడును ఈ మూడే అడుగుడు. ఉపాధ్యాయులమైన మేమును అడిగికొందుము.

ఆ చిన్నవానికి మేము మఱునాడు సాయంకాలము కొనలయందలి ఆఱుచోట్లను చూపితిమి. ఆనాడును వాడు ఓడెను. కాని చచ్చిన మేకలు మూడే. నాలుగవనాడు పెద్దవాని పులులలో రెండు కదలలేక నిలిచియుండగా ప్రార్థనగంట మ్రోగెను. పటమును చెఱపవద్దని ఇద్దరును మమ్ము వేడుకొనిరి. మేము చెఱపలేదు.